పట్టిన పట్టు

ఆరో రోజు మధ్యాహ్నానికి నాడి నలభై ఆరుకి పడిపోయింది.

డాక్టరు నమ్మలేక మళ్ళీ లెక్కపెట్టాడు. నలభై ఆరే. మంచం మీది మనిషి ఊపిరిలోంచి మగ్గిపోయిన పండు వాసన వస్తోంది. తిండి అందని ఒళ్ళు తనను తానే తినడం మొదలుపెట్టిందని దానర్థం.

“సాయంత్రంలోగా ఏదైనా తాగకపోతే నేను పూచీ పడలేనండీ.”

“నీ పూచీ ఎవరడిగారు నాయనా?” రోగి గొంతు గాలిలా వచ్చింది. “వాణ్ణి లోపలికి రానిమ్మను. ఒక్కసారి కళ్ళారా చూస్తాను. అంతే.”

“ఆయన ఒప్పుకోవడం లేదు.”

“మొండివాడు రాజుకన్నా బలవంతుడన్నారు. ఆయన రాజు, నేను మొండి. చూద్దాం.”

“ఆయనా తక్కువ మొండి కాదండీ.”

“నాకా చెబుతున్నావు? నలభై ఏళ్ళుగా పడుతున్నాను.” నవ్వబోతే దగ్గు వచ్చింది.

వెనక గది నుంచి ముందు గదికి పద్దెనిమిది అడుగులు. ఆరు రోజులుగా డాక్టరు ఆ నడవాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అంత చదువూ చదివి చివరికి రాయబారానికి కుదిరాడు, పాపం.

ముందు గదిలో కిటికీ తెరలన్నీ దించేసి ఉన్నాయి. బల్ల మీద కాగితాల కట్టలు, పక్కన మూగబోయిన టెలిఫోను. పెద్దమనిషి తల వంచుకుని ఏదో రాస్తున్నాడు. ఉత్త నటన. పొద్దున చూసిన పేజీయే ఇంకా కలం కింద ఉంది.

“ఎలా ఉంది?” తలెత్తకుండానే అడిగాడు.

“బాగాలేదు. మీరు ఒక్క మాటంటే చాలు. అతను వీధిలోనే నిలబడి ఉన్నాడు.”

“వాడు పోలీసు చౌకీ తగలబెట్టాడు. ఒక కానిస్టేబులుకి రెండు కళ్ళూ పోయాయి.”

“నాలుగేళ్ళు జైల్లో ఉండి వచ్చాడు కదండీ.”

“శిక్ష వేరు, క్షమ వేరు. ఇవాళ వాడికి తలుపు తీస్తే, రేపు నా మాటకి విలువేముంటుంది? పదిమంది అగ్గిపెట్టెలు పట్టుకుని బయల్దేరతారు.”

“పోనీ, ముక్కులో గొట్టం వేసి పాలు పోస్తాను. మీరు సరేనంటే...”

“వద్దు!” పెద్దమనిషి కుర్చీలోంచి లేచిపోయాడు. చెయ్యి తన గొంతు మీదికి వెళ్ళింది. “ఆ పని మాత్రం చెయ్యొద్దు.”

డాక్టరుకి ఒళ్ళు మండింది. అమ్మ పెట్టాపెట్టదు, అడుక్కుతినానివ్వదంటే ఇదే. తాను దిగిరాడు, వైద్యం చెయ్యనివ్వడు.

“బయట జనాన్ని చూశారా?”

“వాళ్ళకేం తెలుసు? తెలియకూడదు కూడా. ఒక్క ముక్క పొక్కనివ్వనని మాటిచ్చావు, గుర్తుంది కదా?”

గుర్తుంది. అందుకే ఇంజెక్షన్ల పెట్టె కోసం కారు దగ్గరికి వెళ్ళినప్పుడు డాక్టరు ఎవరి మొహమూ చూడలేదు. రోడ్డు నిండా మనుషులు. మూడు రోజులుగా దుకాణాలు తెరవలేదు. అంతమంది ఉండీ చీమ చిటుక్కుమంటే వినిపిస్తోంది.

“తొమ్మిది దీక్షల్లోనూ మన నాయకుడికి గండం గడిచింది. ఈ పదోసారీ గడుస్తుందిలే,” అంటోంది ఒకామె, తనకు తానే ధైర్యం చెప్పుకుంటున్నట్టు.

గేటు దగ్గరి కానిస్టేబులు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “ఎలా ఉంది సార్? నేనడగకూడదనుకోండి...”

ఎదుటి దుకాణం షట్టరుకి ఆనుకుని, కాళ్ళ దగ్గర రేకుపెట్టెతో, గడ్డం పెరిగిన మనిషి ఒకడున్నాడు. డాక్టరు చేతిలోని మందుల పెట్టెనే చూస్తున్నాడు. ఆ చూపు తప్పించుకుని డాక్టరు లోపలికి పరిగెత్తాడు.

ఇంజెక్షన్ చేశాడు. పావుగంట ఆగాడు. నాడి నలభై. గోళ్ళు నీలం తిరుగుతున్నాయి.

ఈసారి నడవాలో అడుగులు లెక్కపెట్టలేదు. తలుపు తట్టలేదు.

“ఇంకెన్నాళ్ళండీ ఈ పట్టు? గెలుస్తారు లెండి! గంటలోనో రెండు గంటల్లోనో తప్పకుండా గెలుస్తారు. శవాన్ని గెలుస్తారు!”

తన గొంతుకి తనకే భయం వేసింది. ఆ మనిషి ముందు గొంతెత్తిన వాళ్ళెవరూ ఇంతవరకూ లేరు.

పెద్దమనిషి కలం పక్కన పెట్టాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. ఎంత తుడిచినా మసక పోలేదు. తడి అద్దాల్లో లేదు మరి.

“గేటు దగ్గర చెప్పు,” అన్నాడు. “వాణ్ణి రానివ్వమను.”

డాక్టరు వరండాలోకి దూకినంత పని చేశాడు. తిరిగి వచ్చేసరికి పెద్దమనిషి ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేత్తో పళ్ళరసం గ్లాసు పట్టుకుని నడవాలో నడుస్తున్నాడు.

బయట గేటు కిర్రుమంది. ఎవరో పరిగెత్తుకొస్తున్న చప్పుడు. ఆ అడుగుల సవ్వడికి మంచం మీది కళ్ళు తెరుచుకున్నాయి.

పెద్దమనిషి మంచం పక్కన నేల మీదే కూలబడ్డాడు.

“ఓడిపోయాను,” అన్నాడు.

“ఊరుకోండి, మీరు తొమ్మిది దీక్షలు చేసి సర్కారుని వంచారు,” గ్లాసు అందుకుంటూ అంది ఆ నాయకుడి భార్య, “మన పిల్లాడి కోసం మిమ్మల్ని వంచడానికి నాకు ఒక్కటి సరిపోయింది.”