రెండో టికెట్

ట్రావెల్స్ ఆఫీసులో కూతురి బల్ల ముందు కూర్చుని, అగ్నిపర్వతం ఉన్న దీవికి రెండు టికెట్లు కావాలన్నాడు తండ్రి. భార్య పోయాక ఆరేళ్లుగా ఊరు దాటని మనిషి.

"కుక్కర్ కూతకే ఉలిక్కిపడతావు, నీకు అగ్నిపర్వతమా నాన్నా?"

"అది నిద్రపోతోందట. కనుక్కున్నాను."

"ఈత రాదు, ఎండ పడదు. అక్కడికెళ్లి ఏం చేస్తావు?"

"చూస్తాను."

కూతురు నవ్వుతూ క్యాలెండర్ తిప్పింది. "వచ్చే నెల దాకా నాకు సెలవు దొరకదు మరి."

తండ్రి చొక్కా బొత్తాం తడుముకున్నాడు. "నీకు కాదమ్మా. లైబ్రరీ మేడం గారికి. ఆవిడకు కొండలంటే ఇష్టం."

కూతురి చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. తలెత్తకుండానే సీట్లు ఎంచుతూ అంది.

"కిటికీ పక్క సీటు ఆవిడకే ఇస్తున్నాను నాన్నా. పేచీ పెట్టకు."