గిన్నెలో రెండు గింజలు

అనంతగిరి గుహ తవ్వకంలో దొరికిన పాప పన్నుకు డీఎన్ఏ రిపోర్టు వచ్చింది. వేల ఏళ్ల నాటి పిల్ల. సగం వేటగాళ్ల రక్తం, సగం సేద్యగాళ్ల రక్తం. చీకటి పడ్డాక గుహ ముందున్న శిబిరంలో పరిశోధకురాలు భానుశ్రీ దాన్ని వంటమనిషి గంగకు చదివి వినిపించింది.

"పేరెట్టకుండానే పోయిందేమో," అంటూ గంగ తమ గూడెం పద్ధతిలో నీళ్లగిన్నెలో రెండు బియ్యపు గింజలు వదిలి, చనిపోయిన పెద్దల పేర్లు పిలిచింది. ఏ పేరుకి గింజలు కలిస్తే అదే బిడ్డ పేరు. ఒక్కదానికీ కలవలేదు.

"భానుశ్రీ," అంది భానుశ్రీ నవ్వుతూ.

గింజలు అతుక్కున్నాయి.

"ఏటి సేసినావమ్మా! బతికున్నోల పేరు సెప్పకూడదు. ఇంక ఆ పేరు నీది కాదు."

కింద రోడ్డు మీద జీపు ఆగింది.

"భానుశ్రీ మేడమ్!" డ్రైవర్ కేకేశాడు.

ఆమె నోరు తెరిచేలోపే, గుహలోంచి ఒక చిన్న గొంతు "ఊఁ" అంది.