ముందే వదిలిన వంతు

ఏ ఇంటికెంత సిగ్నల్ అందాలో ఆ వాడలోని ఇళ్లల్లో ఉన్న ఇంటర్నెట్ పెట్టెలే తమలో తాము బేరమాడుకుని తేల్చుకునేవి. ఎవరైనా పోతే శవం లేచేదాకా వాడలో ఎవరూ పొయ్యి ముట్టించరు. అది చూసి చూసి పెట్టెలూ ఆ మర్యాద నేర్చుకున్నాయి. దూరాన ఉన్నవాళ్లకు కడసారి చూపు దక్కాలని తమ వంతు సిగ్నలంతా చావింటికి వదిలేసేవి.

కనకవ్వ పెనిమిటి ఓదెలు మంచం పట్టి ఉన్నాడు. అతని నాడి చూసి ఇంట్లోని పెట్టెకు చెప్పే పట్టీ చేతికుంది. ఓడమీద పనిచేసే కూతురి మొహం గోడమీది తెరలో ఎప్పుడూ మసకే. ఆ పొద్దున అద్దంలో చూసినట్టు తేటపడింది.

"ఇయ్యాల మంచిగ కనవడుతున్నవ్ బిడ్డా," అంది కనకవ్వ సంబరంగా.

అంతలో పక్కింటి సారక్క వచ్చి గడప దగ్గరే ఆగిపోయింది. "అక్కా, వాడంత సిగ్నల్ బందయింది. పొయ్యి ఆర్పి అచ్చిన. బావ..."

కనకవ్వ చప్పున మంచం వైపు తిరిగింది. ఓదెలు ఛాతీ మెల్లగా లేచి పడుతోంది.

"ఇంక పానమున్నది. నువ్వు పోయి పొయ్యి ముట్టియ్యి," అంది అతని చేతి పట్టీ వైపు చూస్తూ. పెనిమిటి తలకింద దిండు ఎత్తిపెట్టి, మొహం తెరవైపు తిప్పింది.

"కండ్లు తెరువయ్యా. బిడ్డ మంచిగ కనవడుతాంది."