నాలుగు వాటాల ఇంటి మరమ్మతు

పొద్దున చూసుకుంటే, బకెట్ కమ్మి ఒత్తుకుని నా కుడి అరచేయి ఎర్రగా కందింది.

కోయంబత్తూరు ఆర్.ఎస్. పురంలో మేము అద్దెకున్న నాలుగు వాటాల పాత ఇంటిని కొని, అందరినీ ఖాళీ చేయించాలని, ఇళ్లు కొని అమ్మే వేలుసామి మామ ఆశ. ముందు మరమ్మతుల ఖర్చు అంచనా వేయడానికి పదింటికి వచ్చారు.

"కాన్వెంట్ పిల్లవి కదా, చేతిరాత బాగుంటాది. నేను చెప్పేది రాయమ్మా," అని నోటుబుక్కు ఇచ్చారు.

ఆయనకు ఇంజనీరు ఎందుకు? కారు తాళంతో గోడను తట్టి, చెవి ఆనించి, రోగం చెప్పేస్తారు.

"వయరింగ్ అంతా కుప్ప, వట్టి చెత్త. బాత్రూమా ఇది, సీ! మూడు లక్షలు రాయి."

రాశాను.

మా హాల్లో పైకప్పు నుంచి ఒక చుక్క ఆయన తెల్ల చొక్కా మీద పడింది. తలెత్తి చూస్తే చాపంత తడి.

"అయ్యయ్యో, మొట్టమాడే పోయిందే, మిద్దె మొత్తం! నాలుగు వాటాలకీ పగలగొట్టి కొత్తగా పోయాల. ఇరవై లక్షలు! ముప్పై ఏండ్లుగా ఇండ్లు చూస్తా ఉండాను. నన్ను ఎవురన్నా ఏమార్చేకవుతాదా?"

"అవదు మామా," అన్నాను, పుస్తకంలోంచి తలెత్తకుండా.

ఇల్లు వద్దని ఓనరుకు అక్కడినుంచే ఫోన్ చేసి చెప్పేశారు.

కోయంబత్తూరులో వాన పడి రెండు నెలలయింది.