నోటిమాట

“సముద్రం ఒడ్డున ఉండేది ఖాళీ స్థలమని రిపోర్టు రాయమంటే రాయవేందయ్యా?” తహసీల్దారు నరేంద్రబాబు గొంతు పెంచాడు.

“పన్నెండు గుడిసెలున్నాయి సార్. పొద్దున చూసొచ్చినాను,” అన్నాడు వీఆర్వో మీరా మొహిద్దీన్.

“పైవాళ్ల మాట వినమని మీ ఖురాన్‌లోనే ఉంది కదా.”

“ఉంది సార్. పాపం చెయ్యమంటే మాత్రం వినొద్దని మా ప్రవక్త చెప్పినారు. నోటిమాటగా ఆర్డరిస్తే రాసిమ్మని అడగొచ్చని మన సర్వీసు రూల్సులోనూ ఉంది. మీరు రాసియ్యండి. నేను చెయ్యలేనని దాని కిందే రాస్తాను.”

తెల్లకాగితం బల్ల మీద పెట్టాడు.

నరేంద్రబాబు విసురుగా పెన్ను తీశాడు. ‘ఖాళీ’ అని రాశాక చెయ్యి ఆగిపోయింది. ఫోన్ అందుకుని, పై ఆఫీసరుకి కలిపి, లేచి నిలబడ్డాడు.

“సార్, ఇందాక మీరు ఫోన్‌లో చెప్పిన మాట... కొంచెం కాగితం మీద రాసిస్తారా?”