బందెలదొడ్డికి గడ్డి అంచనా

ఆ అడవిలో దొంగతనం చేసిన జంతువుల్ని ముళ్లకంచె వేసిన బందెలదొడ్డిలో పెట్టేవారు. వేసవి ముందు, ఈసారి ఎన్ని లోపలికి వస్తాయో, వాటికి ఎన్ని మోపుల గడ్డి కావాలో కొంగ అంచనా కట్టి చెప్పేది. ఏటా పది అనేది, పదే వచ్చేవి. పెద్దరికం చేసే ఏనుగు అందరి ముందూ దాన్ని మెచ్చుకునేది. అది చూసి నక్కకు ఒళ్లు మండిపోయేది. ఒంటికాలి మీద నిలబడ్డం తప్ప దానికేం తెలుసని!

ఆ ఏడు కొంగ నోరు తెరవకముందే నక్క లేచింది. "పది కాదు దొరా, ముప్ఫై!" అంది.

ఏనుగు కంగారుపడి బయలులో ఉన్న గడ్డంతా కోయించి, దొడ్డి పక్కన వామి వేయించింది. బయట మేయడానికి పరక మిగల్లేదు. ఆకలికి ఆగలేక కుందేళ్లూ జింకలూ వామిలో గడ్డి లాగాయి. ఖైదీల గడ్డి దొంగిలించాయని కాపలా తోడేళ్లు వాటిని పట్టుకుని లోపల వేశాయి. వేసవి చివర, వదిలేసే ముందు లెక్కపెడితే సరిగ్గా ముప్ఫై.

"ఏం తెలివి!" అంటూ ఏనుగు నక్క మెడలో పూలదండ వేసింది. ఆ పూట కొంగకు చేప గొంతు దిగలేదు.

మరుసటి ఏడు నక్క ఇంకా గొంతు సవరించుకుంటుండగానే కొంగ ఎగిరి ముందుకొచ్చింది.

"అరవై!" అని అరిచింది.

గుంపు చివర కూర్చున్న ముసలి కుందేలు మనవల్ని లేపింది.

"పదండర్రా, ఇప్పుడే వెళ్లి దొడ్డిలో నీడున్న చోటు చూసుకుందాం."