సంచిలో పట్టే దుర్భిణి

"చిన్నదుండాలన్నా. సంచిలో పట్టాల. గుట్ట ఎక్కేటప్పుడు బరువనిపించగూడదు. మా చిన్నాయనకు చూపు పోతాండాది. అడివి పందిని చూసి చెప్పేది ఆయనే" అన్నాడు వెంకటరాముడు.

కళ్యాణదుర్గం బస్టాండు పక్క సందులో హరినాథ్ అంగడి. టార్చిలైట్లు, తలకు కట్టుకునే లైట్లు, దుర్భిణులు అమ్ముతాడు. చిన్నాయన తిప్పన్న స్టూలు మీద ఒదిగి కూర్చుని నేల చూస్తున్నాడు.

"ఈయన గుట్ట మీద బండరాయి ఎక్కి చూస్తాడు. నేను కింద ఎండిన వంకలో పండుకోనుంటా. నాకు ఆకులు కదిలేది తప్ప ఏమీ కనపడదు. ఈయన ఫోన్లో 'పంది' అంటాడు. యాడుండాదో చెప్తాడు. నేను నాటు తుపాకీతో కొట్టేస్తా." వెంకటరాముడు గొంతు తగ్గించాడు. "మొన్న మా కుక్కను పంది అన్నాడు. నా చేత్తోనే పూడ్చినా."

"మసకలో పొరబడినా రాముడూ" అని గొణిగాడు తిప్పన్న.

"ఇంగోసారి పొరబడితే నీ నీళ్ల వంతు కట్. మా తమ్ముడు పుల్లన్న గూడా అదే అంటాండాడు." హరినాథ్ వైపు తిరిగాడు. "నాకు, మా తమ్మునికి, ఈయన చీనీ తోటకు, ముగ్గురికీ ఒకటే బోరన్నా. పందుల కాపలాకు రానోనికి నీళ్లు ల్యావు."

హరినాథ్‌కు పరిస్థితి అర్థమైంది. ఆ వైపు బోర్లు ఇప్పటికే సగం పైపే పోస్తున్నాయి. వంతు పోతే ముసలాయన చీనీ బత్తాయి చెట్లు ఈ ఎండాకాలానికే కట్టెలైపోతాయి. ఇలా అవసరంతో వచ్చినవాడు బేరం ఆడడు.

"నువ్వే చూస్కో చిన్నాయనా. చూసేది నా కన్ను కాదు గదా" అని వెంకటరాముడు టీ తాగడానికి పోయాడు.

హరినాథ్ ముందుగా మంచి సరుకే తీశాడు. జానెడు గొట్టం. మోస్తున్నట్టే ఉండదు. ముందు అద్దం వెడల్పు, తెల్లవారుజాము వెలుతురులో కూడా పనిచేస్తుంది.

"ఎదురుగా ఎరువుల అంగడి బోర్డు చదువు పెద్దాయనా."

తిప్పన్న కన్ను ఆనించాడు. "తెల్లగా ఏందో ఉండాదప్పా. పొగ మాదిరి."

ఇంకోటి ఇచ్చాడు. దగ్గరగా చూపేది ఇంకా ఎక్కువ, కానీ చెయ్యి కదిలితే బొమ్మ వణుకుతుంది. "ఇది ఇంకా అన్యాయం" అన్నాడు తిప్పన్న.

హరినాథ్‌కు విసుగొచ్చింది. అడుగు అర నుంచి ఒకటి లాగాడు. లోపలి అద్దానికి బూజు పట్టింది. కొన్నవాళ్లంతా తెచ్చి మొహాన కొట్టి పోయిన సరుకు. పారేద్దామనుకుని మరిచిపోయాడు.

తిప్పన్న దాన్ని చాలాసేపు చూశాడు. ఒకసారి తీసి, అద్దం తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇది బాగుండాదప్పా."

"బోర్డు కనిపిస్తాందా?"

"ఎందుకు కనపడదు? పచ్చ బోర్డు. అక్షరాలు గూడా లెక్కపెట్టొచ్చు."

బోర్డు ఎర్రది. హరినాథ్ నవ్వు మింగి, దుర్భిణిని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టాడు. "మంచిది ఏరుకున్నావు పెద్దాయనా. అమ్మిన సరుకు తిరిగి తీసుకోను, ఇప్పుడే చెప్తున్నా."

"మళ్లీ యాడికి తెస్తానప్పా" అన్నాడు తిప్పన్న.

ఆ వారంలోనే ఒకరోజు మోటర్ల కరెంటు తెల్లారకముందే వచ్చింది. నీళ్లు కట్టడానికి పుల్లన్న లేచి పోయాడు. తిప్పన్న చీనీ చెట్ల కింద, నీళ్లు మళ్లించే గేటువాల్వు మీదికి వంగి తిప్పుతున్నాడు.

వంకలో పడుకున్న వెంకటరాముడి చెవిలో ఫోను పలికింది.

"పంది రాముడూ. చీనీ చెట్ల కింద. కొమ్మ కదిలేకాడ కొట్టు."

వెంకటరాముడు కొట్టాడు. పరుగున పోయి చూస్తే తమ్ముడు.

మోటరు ఆపాలన్న ధ్యాస ఎవరికీ లేదు. ఆ పూట నీళ్లు మొదటిసారి తిప్పన్న తోట చివరి వరుసదాకా పారాయి.

లైసెన్సు లేని తుపాకీ. వెంకటరాముడిని జైలుకు పంపారు. ఎస్సై దుర్భిణి కంటికి పెట్టుకుని చూశాడు. బూజు తప్ప ఏమీ కనిపించలేదు. హరినాథ్‌ను పిలిపించాడు.

 సరుకు మీదికి మాట రాకూడదు. హరినాథ్ నేరం ముసలాయన కళ్ల మీదికి తోసేశాడు.

"ఎర్ర బోర్డును పచ్చది అన్నాడు సార్. ఆయనకు ఏ దుర్భిణీ పనికిరాదు."

తిప్పన్న తల బాదుకుంటూ ఏడ్చాడు. "నా కళ్లు పీకేయండి సార్, నా బిడ్డను నేనే చంపుకున్నా." కానిస్టేబులు నీళ్లు తాగించాడు. ముసలాయనను సాక్షిగా రాసుకుని ఇంటికి పంపారు.

ఎండాకాలం నడిమధ్యలో, సరుకు వేయడానికి ఆ దారిన పోతూ హరినాథ్ ఆగాడు. మనసులో ఎక్కడో ముల్లులా ఉంది. చుట్టుపక్కల తోటలన్నీ ఎండిపోయాయి. తిప్పన్న తోట ఒక్కటే నల్లగా నిగనిగలాడుతోంది.

తిప్పన్న పెళ్లాం చెన్నమ్మ మజ్జిగ తెచ్చింది. తిప్పన్న చెయ్యి గాలిలో తడుముతూ లోటాను అందుకున్నాడు. హరినాథ్‌కు జాలేసింది.

"పెద్దాయనా, కళ్యాణదుర్గంలో కళ్ల క్యాంపు పెడుతున్నారు. నేనే పిలుచుకుపోతా. ఆపరేషను చేస్తారు."

"ఎందుకప్పా. ఆ పాపం చేసిన కళ్లు ఇంగేం చూడాల?"

 హరినాథ్ లేచి బైకు దగ్గరికి పోయాడు. దూరంగా గుట్ట మీద ఎండ మండుతోంది. పైన ఏవో నల్లటి చుక్కలున్నాయి, మేకలో బండలో అతనికి తెలియలేదు.

బైకు తాళం తిప్పబోతుంటే, వెనక తిప్పన్న పెళ్లాంతో అంటున్న మాట వినిపించింది: "ఏమే, గుట్ట మీద మన చెవి తెగిన మేక ముందర కుడికాలు కుంటుతాండాది, ముల్లు దిగినట్లుండాది, పోయి తీసి రాపో."